లోహాన్ని తింటున్నది ఇసుకా, బుడగా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల శీర్షికకు రాయగడ, కొరాపుట్‌, గజపతి, గంజాం జిల్లాల తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఆరు, చిత్రంగా, ఒకే విషయం మీద ఉన్నాయి. వేగంగా పారే నీరు, ఆవిరి, ఇసుక కలిసిన మడ్డి తగిలే యంత్రభాగాలకు ఏ లోహం వాడాలన్నదే వాటి సారం. విడివిడిగా వేస్తే చెప్పినదే చెప్పవలసి వస్తుందని అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఉత్తరాలను కుదించాను గాని అడిగిన సంగతిని మార్చలేదు.

ప్రశ్న: మేము వంతెనల పునాదులు వేసే చిన్న కాంట్రాక్టర్లము. నాగావళి ఒడ్డున పునాది గోతుల నుంచి ఇసుక నీరు తోడడానికి బెల్టుతో తిరిగే పంపు వాడుతున్నాము. ఇంపెల్లరు (నీటిని విసిరే రెక్కల చక్రం) వ్యాసం 350 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 1450 చుట్లు. నీటిని ఎత్తవలసింది 12 మీటర్లే కాబట్టి డెలివరీ వాల్వు సగం మూసి నడుపుతాము. పోత ఇనుము ఇంపెల్లరు రెండు నెలలకే అరిగిపోతోందని, ఖర్చుకు వెనుకాడకుండా 304 రకం స్టెయిన్‌లెస్‌ స్టీలుతో పోయించాము. అది ఏడు వారాలకే పోయింది. ఫౌండ్రీ వారు ఈసారి మాంగనీస్‌ స్టీలు వేద్దామంటున్నారు. వేయించమంటారా? అరిగిన ఇంపెల్లరు ఫొటో జతపరిచాము. – ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దు. మాంగనీస్‌ స్టీలు మంచి లోహమే గాని మీ పనికి కాదు. 1882లో ఇంగ్లండులో రాబర్ట్‌ హాడ్‌ఫీల్డ్‌ రూపొందించిన ఈ ఉక్కులో మాంగనీస్‌ పన్నెండు, పదమూడు శాతం ఉంటుంది. దాని గొప్పతనమంతా దెబ్బలు తిన్నకొద్దీ పైపొర గట్టిపడడంలో ఉంది. రాళ్లు నలిపే క్రషర్‌ దవడలకు, రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగులకు అది పనికిరావడం అందువల్లనే. నీటితో కొట్టుకొచ్చే ఇసుకరేణువు బరువెంత, అది కొట్టే దెబ్బెంత? ఆ దెబ్బకు ఈ ఉక్కు గట్టిపడదు; గట్టిపడకముందు అది మెత్తని లోహమే కనుక ఇసుక దాన్ని తాపీగా చెక్కుకుంటూ పోతుంది.

స్టెయిన్‌లెస్‌ విషయంలో మీరు పొరబడింది కూడా ఇలాంటి చోటనే. తుప్పు పట్టనిది అరగదనుకోవడం చాలామందికి ఉన్న అలవాటు. 304 రకం గట్టిదనం వికర్స్‌ కొలతలో సుమారు 150 నుంచి 200 ఉంటుంది, మామూలు పోత ఇనుము కూడా ఇంచుమించు అంతే, ఒక్కోసారి కాస్త ఎక్కువే. ఇసుకలోని పలుగురాయి (క్వార్ట్జ్‌) అదే కొలతలో వెయ్యి దాటుతుంది. పైగా మీ నది ఇసుక మామూలు ఇసుక కాదు. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఒక రాయికి ఆ కొండల్లో బతికే కోంధు జనం పేరు మీదనే ఖోండలైట్‌ అని పేరు పెట్టారు. అందులో పలుగుతో పాటు గార్నెట్‌, సిల్లిమనైట్‌ అనే గట్టి ఖనిజాలు కూడా ఉంటాయి. ఆ కొండ అరిగి ఏటిలోకి దిగిన ఇసుక లోహం మీద జాలి చూపదు.

ఇక మీ ఫొటో. రెక్కల చివరి అంచు కత్తిలా పలచబడింది. అరిగిన చోటల్లా నున్నగా మెరుస్తోంది. రెక్క పొడవునా, నీరు పారే దిక్కుకు అడ్డంగా, ఇసుకతిన్నె మీద గాలి వేసిన అలల వంటి మడతలు కనిపిస్తున్నాయి. ఎక్కడా స్పంజిలాంటి గుంటలు లేవు, తుప్పు పొర లేదు. కాబట్టి ఇది కేవలం ఇసుక కోత. రెక్క మీద ఏటవాలుగా, పదిహేను నుంచి ముప్పై డిగ్రీల కోణంలో జారుతూ తగిలే రేణువులు మెత్తని లోహాన్ని ఉలితో గీసినట్లు గీసుకుపోయాయి. సాగే గుణమున్న లోహాలకు ఈ ఏటవాలు కోణమే ఎక్కువ హాని. పెళుసు పదార్థాలకు లెక్క తిరగబడుతుంది, నిట్టనిలువుగా తగిలే దెబ్బే వాటిని పగలగొడుతుంది.

మీకు కావలసినది క్రోమియం ఇరవై అయిదు శాతం దాకా ఉండే తెల్ల పోత ఇనుము. ఫౌండ్రీలలో దీన్ని హై క్రోమ్‌ అంటారు. సున్నపు గారలో కంకర కలిపినట్లు, ఇందులో ఇనుము మధ్య క్రోమియం కార్బైడు (క్రోమియం, కార్బన్‌ కలిసిన గట్టి పదార్థం) పుల్లలు అల్లుకొని ఉంటాయి. ఆ పుల్లల గట్టిదనం వికర్స్‌ కొలతలో 1300 పైమాటే, అంటే పలుగు వాటిని గీయలేదు. నికెల్‌ నాలుగు శాతం, క్రోమియం రెండు శాతం ఉండే నై హార్డ్‌ కూడా మార్కెట్లో దొరుకుతుంది గాని, అందులో ఏర్పడేది ఇనుప కార్బైడు. దాని గట్టిదనం పలుగుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక మీ ఇసుకకు అది సరిజోడు కాదు. హై క్రోమ్‌కు ప్రాణమైన ఫెర్రోక్రోమ్‌ (ఇనుము, క్రోమియం కలిసిన ముడి మిశ్రమం) మీ జిల్లాలోని తెరుబలిలోనే తయారవుతుంది. దానికి మూలమైన క్రోమైట్‌ ఖనిజం దేశంలో అత్యధిక భాగం ఒడిశాలోని సుకిందా లోయలోనే ఉంది.

అయితే హై క్రోమ్‌ అని రసీదు మీద రాసినంత మాత్రాన పని కాదు. పోసి చల్లార్చిన ముక్క గట్టిదనం బ్రినెల్‌ అనే మరో కొలతలో 450 దగ్గర ఆగిపోవచ్చు. దాన్ని మళ్లీ సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, గాలిలో చల్లార్చి, తక్కువ వేడిలో టెంపర్‌ చేస్తేనే 600 దాటుతుంది. అమెరికా ప్రమాణమైన ఏ.ఎస్‌.టి.ఎం. A532లో ఈ రెండు స్థితులకూ వేర్వేరు అంకెలు ఉన్నాయి. ఈ వేడి ప్రక్రియను ఎగ్గొట్టి అమ్మేవారు ఉంటారు, ఎందుకంటే కొలిమి ఖర్చంతా అక్కడే. రసాయన పరీక్ష కాగితంతో పాటు గట్టిదనం కాగితం కూడా అడగండి. కాగితం మీద నమ్మకం లేకపోతే కొత్త ఆకురాయి తీసుకొని కనబడని మూల ఒకసారి రుద్దండి, అది పట్టకుండా జారిపోవాలి.

ఇంత చెప్పినా, మీ సమస్యలో పెద్ద వాటా లోహానిది కాదని నా అభిప్రాయం. ఇసుక కోత వేగంతో సమానంగా పెరగదు. వేగం రెండున్నర ఘాతం చొప్పున, సుమారుగా, పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే కోత అయిదారు రెట్లవుతుంది. మీ ఇంపెల్లరు అంచు ఇప్పుడు సెకనుకు ఇరవై ఆరున్నర మీటర్ల వేగంతో తిరుగుతోంది, దానితో మీ పంపు ముప్పై మీటర్ల పైచిలుకు ఎత్తుకు నీరు కొట్టగలదు. మీకు కావలసింది 12 మీటర్లు, దాని మీద గొట్టం రాపిడి. మిగిలిన శక్తినంతా సగం మూసిన వాల్వు దగ్గర పారబోస్తున్నారు, ఆ ఇరుకులో ఇసుక వాల్వును తింటోంది, పారకుండా కేసింగ్‌లోనే సుడి తిరిగే ఇసుక ఇంపెల్లరును తింటోంది. మోటారు పుల్లీ మార్చి వేగాన్ని 1150 చుట్లకు తగ్గిస్తే, పంపు ఇచ్చే ఎత్తు మూడింట రెండు వంతుల దగ్గరకు దిగుతుంది, కోత మాత్రం దాదాపు సగానికి పడిపోతుంది. వాల్వు పూర్తిగా తెరిచి నడపవచ్చు. ఒక్క జాగ్రత్త: గొట్టంలో వేగం మరీ తగ్గితే ఇసుక అడుగున పేరుకుంటుంది కాబట్టి సెకనుకు రెండు మీటర్లకు తగ్గకుండా చూసుకోండి. పుల్లీ ఖరీదు ఇంపెల్లరు ఖరీదులో ఎన్నో వంతో మీకే తెలుసు.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా బావగారి తోటలో అయిదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన పంపును కొరాపుట్‌ దగ్గరి మా కాఫీ తోటకు తెచ్చుకున్నాను. ఇక్కడ వాగు నీరు అద్దంలా తేటగా ఉంటుంది, ఇసుక లేనే లేదు. అయినా కంచు ఇంపెల్లరు ఏడాదిలో చెదపురుగు తిన్నట్లయింది. నీటి మట్టం పంపుకు ఆరు మీటర్ల కింద ఉంటుంది. ఇంపెల్లరుకు టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ పూత వేయిస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. – ఒక పాఠకుడు, కొరాపుట్‌

జవాబు: పూత వేయించకండి. మీ ఇంపెల్లరును తింటున్నది గట్టి పదార్థమేదీ కాదు, బుడగలు.

నీటి మీద ఒత్తిడి బాగా తగ్గినప్పుడు అది వేడి చేయకుండానే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు రెక్క వెంట సాగి ఒత్తిడి పెరిగే చోటికి చేరగానే చప్పున కూలిపోతాయి. కూలేటప్పుడు సూదిలాంటి నీటి ధార లోహం మీద పడుతుంది. 1890లలో ఇంగ్లండులో వేగంగా నడిచే నౌకల ప్రొపెల్లర్ల దగ్గర ఈ వింతను గమనించారు. 1917లో రేలీ అనే శాస్త్రవేత్త ఒక్క బుడగ కూలినప్పుడు పుట్టే ఒత్తిడిని లెక్క కట్టి చూపాడు. దీనినే కావిటేషన్‌ అంటారు. ఇసుక కోత మెరుస్తుంది, ఇది మెరవదు. గరుకుగా, స్పంజిలా, రెక్క ప్రవేశానికి కాస్త లోపల, ఒత్తిడి తక్కువగా ఉండే పక్కనే గుంటలు పడతాయి. చెవితో కూడా పోల్చవచ్చు. జయపురంలో ఒక పెద్ద మేస్త్రి పొడవాటి స్క్రూడ్రైవర్‌ మొనను కేసింగ్‌ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకొని అర నిమిషం విని, “లోపల గులకరాళ్లు దొర్లుతున్నాయి, కాని గులకలు లేవు” అన్నాడు. పంపు విప్పితే ఆయన అన్నట్లే ఉంది.

శ్రీకాకుళంలో లేని జబ్బు కొరాపుట్‌లో ఎందుకు వచ్చిందన్నది మీ ఉత్తరంలోని అసలు ప్రశ్న. కొరాపుట్‌ పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరంలో గాలి ఒత్తిడి 10.3 మీటర్ల నీటి స్తంభానికి సమానం, మీ తోటలో అది 9.3 మీటర్లే. అందులోంచి మీరు ఎత్తే ఆరు మీటర్లు, ఫుట్‌ వాల్వు, బెండ్ల దగ్గర పోయే ఒక మీటరు, నీరు ఆవిరయ్యే ఒత్తిడికి పోయే మూడో వంతు మీటరు తీసేస్తే మిగిలేది రెండు మీటర్లు. ఇదే అమరిక శ్రీకాకుళంలో ఉండి ఉంటే మూడు మిగిలేది. మీ పంపు పరిమాణానికి రెండున్నర మీటర్లు అవసరమైతే, అక్కడ అది సుఖంగా ఉంది, ఇక్కడ ఊపిరాడక కొట్టుకుంటోంది. తయారీదారు ఇచ్చే పట్టికలో ఎన్‌.పి.ఎస్‌.హెచ్‌. పేరుతో ఉండే గీత ఈ అవసరాన్నే చెబుతుంది.

కాబట్టి మందు లోహంలో లేదు. పంపును ఒకటిన్నర మీటర్లు కిందికి, నీటికి దగ్గరగా దించండి. సక్షన్‌ గొట్టాన్ని ఒక సైజు పెద్దది వేయండి, బెండ్లు తగ్గించండి, ఫుట్‌ వాల్వు జాలిని శుభ్రం చేయండి. చప్పుడు ఆగిపోతే గుంటలూ ఆగిపోతాయి.

పంపును దించడానికి వీలులేని చోట, ఉదాహరణకు మాచ్‌ఖండ్‌ వంటి జలవిద్యుత్‌ కేంద్రాలలో టర్బైన్‌ చక్రాల విషయంలో, లోహాన్ని ఆశ్రయించక తప్పదు. అక్కడ సాధారణంగా క్రోమియం పదమూడు, నికెల్‌ నాలుగు శాతం ఉండే స్టెయిన్‌లెస్‌ స్టీలును వాడతారు. గుంటలు పడిన చోట స్టెయిన్‌లెస్‌ రాడ్డుతో గాని, కోబాల్ట్‌ కలిసిన ప్రత్యేక రాడ్డుతో గాని వెల్డింగ్‌ చేసి, గ్రైండ్‌ చేసి పాత వంపు తెస్తారు. బుడగ దెబ్బను ఓర్చుకోవడానికి కేవలం గట్టిదనం చాలదు, దెబ్బకు వంగి మళ్లీ నిలదొక్కుకునే గుణం కావాలి. టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ పూతకు ఇసుక ముందు ఎంత పేరుందో బుడగల ముందు అంత బలహీనత ఉంది. పూతలోని చిన్న సందులోంచి మొదలై పొరలు పొరలుగా లేచిపోతుంది.

ప్రశ్న: నేను గుణుపురంలో ఇంజనీరింగ్‌ చదువుతున్నాను. టంగ్‌స్టన్‌ కార్బైడ్‌ చాలా గట్టిది కదా. ఇసుక నీటి టర్బైన్లను, పంపులను మొత్తం దానితోనే ఎందుకు చేయరు? – ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: అది లోహం కాదు, పింగాణీ జాతిది, అమ్మా; పొడిని కోబాల్ట్‌తో కలిపి అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి ముక్కలు చేస్తారు. చిన్న నాజిళ్లు, వాల్వు మొనలు ఆ పద్ధతిలో బాగా వస్తాయి. టన్నుల బరువుండే చక్రాన్ని అలా చేయలేం. చేసినా ఒక్క రాయి తగిలితే పగుళ్లిస్తుంది. అందుకని గట్టి లోహపు ఒంటి మీద దీన్ని చొక్కాలా తొడుగుతారు. హెచ్‌.వి.ఓ.ఎఫ్‌. అనే పద్ధతిలో ఇంధనాన్ని ఆక్సిజన్‌తో మండించి, ధ్వనిని మించిన వేగపు జ్వాలలో ఆ పొడిని విసిరితే, సుమారు మిల్లీమీటరులో మూడో వంతు మందంలో దట్టమైన పూత ఏర్పడుతుంది. నీటి పనులకు ఆ పొడిలో కోబాల్ట్‌ పది, క్రోమియం నాలుగు శాతం కలిపినదాన్ని ఎంచుకుంటారు. క్రోమియం లేకపోతే కోబాల్ట్‌ను తుప్పు తినేసి కార్బైడు రేణువులు రాలిపోతాయి.

హిమాచల్‌లో సట్లెజ్‌ మీద ఉన్న 1500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రీ కేంద్రం దీనికి మంచి పాఠం. నీరు 428 మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంది. ఆ ఎత్తంతా వేగంగా మారితే సెకనుకు 90 మీటర్లు దాటుతుంది. సొరంగంలోకి పోకముందే ఒండ్రును వడపోసే భారీ గదులు కట్టి, 0.2 మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువులను తీసేస్తారు. అంతకంటే సన్నని పలుగుపిండి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. అక్కడి చక్రాలకు, నీటిని వాటి మీదికి మళ్లించే గైడ్‌ వేన్లకు ఈ పూత వేసి కాపాడుకుంటున్నారు. అయినా ఒక చిక్కుంది: పూత వేసే తుపాకీకి ఎదురుగా కనిపించే చోటే పూత పడుతుంది. రెక్కల మధ్య ఇరుకు సందులలోకి తుపాకీ దూరదు, మీ చేయి దూరనట్లే.

గార్నెట్‌ గురించి పైన రాశాను. గంజాం జిల్లా ఛత్రపురం తీరపు ఇసుకలోంచి అదే గార్నెట్‌ను వేరుచేస్తారు; దాన్ని మూడు నాలుగు వేల బార్‌ ఒత్తిడి గల నీటి ధారలో కలిపి మందపాటి ఉక్కు పలకలను కోస్తారు. మనం కోత అని భయపడుతున్నదే అక్కడ వృత్తి. ఆ ధార వెలువడే సన్నని గొట్టం మాత్రం టంగ్‌స్టన్‌ కార్బైడ్‌దే. సెమినార్‌కు విషయం వెతుక్కుంటున్నట్లయితే ఆ గొట్టం ఎలా అరుగుతుందో చదవండి.

ప్రశ్న: ఒక కర్మాగారంలో బాయిలర్‌ విభాగంలో పనిచేస్తున్నాను. బాయిలర్‌లోకి వేడి నీరు పంపే ఫీడ్‌ వాటర్‌ గొట్టంలో బెండు దగ్గర మందం ఏటేటా తగ్గుతోంది. నీటిలో ఇసుక లేదు, చప్పుడు లేదు. లోపల కోడిగుడ్డు పెంకులా సన్నని నొక్కులున్నాయి. – ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఇది ఇసుకా కాదు, బుడగా కాదు. ఉక్కు లోపలి గోడ మీద ఏర్పడే రక్షక ఆక్సైడ్‌ పొరను వేగంగా పారే నీరు కరిగిస్తూ పోవడం, దాని స్థానంలో పుట్టిన కొత్త పొర కూడా కరిగిపోవడం దీని తీరు. నూట ముప్పై నుంచి నూట యాభై డిగ్రీల మధ్య, ఆక్సిజన్‌ బాగా తీసేసిన నీటిలో ఇది ఎక్కువ. దీన్ని తేలికగా తీసుకోకండి. 2004 ఆగస్టు 9న జపాన్‌లోని మిహామా అణువిద్యుత్‌ కేంద్రంలో ఇటువంటి గొట్టమే పేలి అయిదుగురు చనిపోయారు. మొదట పది మిల్లీమీటర్ల మందమున్న గోడ పగిలిన చోట ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు, ఆ చోటును తనిఖీ జాబితాలో చేర్చడం మరిచిపోయారు.

ఇక్కడ గట్టి లోహంతో పనిలేదు. కొద్దిగా క్రోమియం చాలు. క్రోమియం ఒకటింబావు శాతం గాని, రెండుంబావు శాతం గాని ఉన్న అల్లాయ్‌ స్టీలు బెండు వేస్తే అరుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పటిదాకా అల్ట్రాసోనిక్‌ మీటరుతో బెండు వెలుపలి వంపునే కాక, బెండు దాటిన తరువాత రెండు మూడు వ్యాసాల దూరం వరకూ మందం కొలిపించి, తేదీలతో పుస్తకంలో రాయించండి. మీ విభాగంలో ఆవిరిని అణచే వాల్వుల సీట్ల సంగతి వేరు. అక్కడ కోబాల్ట్‌, క్రోమియం, టంగ్‌స్టన్‌ కలిసిన స్టెల్లైట్‌ 6ను వెల్డ్‌ చేయించడమే పాత పద్ధతి, నేటికీ మంచి పద్ధతి.

ప్రశ్న: గోపాలపురం దగ్గర రొయ్యపిల్లల హేచరీకి సముద్రపు నీరు తోడే పంపులో ఇత్తడి ఇంపెల్లరు మెత్తబడి, ఎర్రగా మారి పోతోంది. ఏది వేయాలి? – ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మిగిలింది, ఆ ఎరుపు అదే. నికెల్‌ అల్యూమినియం కంచు వేయండి. 316 రకం స్టెయిన్‌లెస్‌ చౌక అని చూడకండి. పంపు ఆగి, లోపల ఉప్పునీరు నిలిచినప్పుడు అది సూదిగుంటలు పడుతుంది. అయితే రాగి లోహాలేవైనా నీటిలోకి కొంత దిగుతాయి, రొయ్యపిల్లకు రాగి విషం. మీ పని హేచరీ కనుక నీరు తగిలే భాగాలన్నీ ప్లాస్టిక్‌వి ఉన్న పంపు కొనడమే మేలని నా సలహా.

ప్రశ్న: పర్లాకిమిడిలో లేత్‌ వర్క్‌షాపు నడుపుతున్నాను. హై క్రోమ్‌ ఇంపెల్లరుకు షాఫ్టు రంధ్రం పెద్దది చేయమని తెచ్చారు, టూల్‌ బిట్టు కొస మాడిపోయింది. అరిగిన రెక్కలను వెల్డింగ్‌తో పెంచవచ్చా? – ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: వెల్డింగ్‌ చేయకండి, చల్లారేటప్పుడు టిక్కుమని పగులుతుంది, ఒక్కోసారి మరునాటి ఉదయానికి. హీట్‌ ట్రీట్‌మెంట్‌ అయిన ముక్కకు గ్రైండింగే దారి, లేదా సి.బి.ఎన్‌. (క్యూబిక్‌ బోరాన్‌ నైట్రైడ్‌ అనే అతి గట్టి పదార్థం) టూలు కావాలి. ఇకమీద ఆర్డరు ఇచ్చేటప్పుడే మధ్య రంధ్రం చుట్టూ మెత్తని ఉక్కు బుష్‌ పెట్టి పోయమని ఫౌండ్రీకి చెప్పమనండి, అప్పుడు మరలు, కీవే మీరు మామూలుగా కోయగలరు. అరిగిపోయిన ముక్కను మామూలు ఇనుప తుక్కులో వేసి అమ్మవద్దని ఆ పంపు యజమానికి చెప్పండి. అందులో పాతిక శాతం క్రోమియం ఉంది, హై క్రోమ్‌ పోసే ఫౌండ్రీ దాన్ని వేరే ధరకు తూకం వేసుకుంటుంది.